కుండీ మట్టి తయారీ: క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో వంటింటి మొక్కల కోసం

కుండీలో పెరిగే మొక్కకు నేలలో పెరిగే మొక్కకున్న వెసులుబాటు ఉండదు. నేలలో వేరు నీళ్ళ కోసం లోతుకు దిగుతుంది, తిండి కోసం పక్కకు పాకుతుంది. ఎక్కువైన వాననీరు కింది పొరల్లోకి ఇంకిపోతుంది. కుండీలో ఆ లోతంతా ఒకటి రెండు జానలు. ఆ కాస్త చోటులో నింపే మిశ్రమం మూడు పనులు ఒకేసారి చేయాలి: నీటిని పట్టి ఉంచాలి, వేరుకు గాలి ఆడనివ్వాలి, పోషకాలను నెమ్మదిగా అందించాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మొక్క వాడిపోతుంది. కారణం మట్టిలో ఉన్నా పైకి కనిపించేది ఆకే కాబట్టి చాలామంది మందుల కోసం వెతుకుతారు.

జర్మనీలోని హార్జ్ కొండల మీద, లోయర్ శాక్సనీ రాష్ట్రంలోని గోస్లార్ జిల్లాలో ఉన్న క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో ఈ మూడు పనులకు నాలుగోది కలుస్తుంది. కుండీలోకి వెళ్ళే ప్రతి దినుసూ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండాలి. ఆ ఊరి నేల చరిత్రే అందుకు కారణం. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి, చుట్టుపక్కల ఉద్యోగాలు చేయడానికి వచ్చే తెలుగువారు కరివేపాకు, పచ్చిమిర్చి, గోంగూర, మెంతికూర, కొత్తిమీర లాంటివి కిటికీ దగ్గరో బాల్కనీలోనో పెంచుకోవాలనుకుంటే మొదట తెలుసుకోవలసింది ఈ సంగతినే.

ఊరి నేల ఎందుకు పనికిరాదు

ఎగువ హార్జ్‌లో 16వ శతాబ్దం నుంచి వెండి, సీసం, జింకు ఖనిజాల తవ్వకం పెద్ద ఎత్తున సాగింది. క్లాస్తాల్‌లో 1775లో మొదలైన గనుల విద్యాలయమే ఇప్పటి సాంకేతిక విశ్వవిద్యాలయానికి మూలం. గనుల యంత్రాలను నడపడానికి కట్టిన చెరువులు, కాలువలు, సొరంగాల వ్యవస్థకు 2010లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. క్లాస్తాల్ గనులు 1930లో మూతపడ్డాయి. సీసం కరిగించే కొలిమి మాత్రం 1967 దాకా పనిచేసింది.

ఆ శతాబ్దాల శ్రమ నేలలో మిగిలిపోయింది. కొలిమి పొగలోని లోహాలు చుట్టుపక్కల కొండల మీద పడ్డాయి. ఖనిజాన్ని దంచి కడిగిన నీరు ఇన్నెర్‌స్టె లాంటి నదుల్లో కలిసి దిగువ మైదానాల దాకా సీసాన్ని, కాడ్మియాన్ని, జింకును మోసుకెళ్ళింది. లోహాల చిట్టెం కుప్పల మీద హాలర్ ఆర్మేరియా లాంటి కొన్ని ప్రత్యేకమైన మొక్కలు తప్ప మామూలు గడ్డి కూడా సరిగా మొలవదు. గోస్లార్ జిల్లా యంత్రాంగం 2001లో ఈ ప్రాంతానికి ప్రత్యేక నేల నిబంధనలు తెచ్చింది. కాలుష్య తీవ్రతను బట్టి ప్రాంతాన్ని భాగాలుగా విడదీసి, తవ్విన మట్టిని ఎక్కడ వాడవచ్చో, ఎక్కడికి తరలించకూడదో అందులో నిర్ణయించారు.

జర్మనీ నేల సంరక్షణ నిబంధనల ప్రకారం పిల్లలు ఆడుకునే చోట కిలో మట్టిలో 200 మిల్లీగ్రాములు, నివాస స్థలాల్లో 400 మిల్లీగ్రాములు దాటి సీసం ఉంటే ఆ నేలను లోతుగా పరిశీలించాలి. పిల్లలు తిరుగుతూ, కూరగాయలు కూడా పండే పెరట్లో కాడ్మియానికి ఈ హద్దు కిలోకు 2 మిల్లీగ్రాములు. ఎగువ హార్జ్‌లో పాత గనులు, కొలుముల దగ్గర ఈ హద్దులు దాటిన నేలలు విరివిగా ఉన్నాయి.

సీసం, కాడ్మియం మొక్కను చేరే తీరు ఒకటి కాదు. సీసం మట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. వేరు ద్వారా పైకెక్కేది తక్కువ. వాన చినుకు చిందించిన మట్టి ఆకుకు అంటుకుని, సరిగా కడగని ఆకుకూరతోనూ చేతి వేళ్ళకు పట్టిన దుమ్ముతోనూ నోట్లోకి పోతుంది. కాడ్మియం నీటిలో సులువుగా కరిగి వేరులోకి వెళ్తుంది. మట్టి పులుపెక్కే కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. హార్జ్ కొండల్లో స్ప్రూస్ అడవుల కింది నేల సహజంగానే పుల్లగా ఉంటుంది. ఆకుకూరలు కాడ్మియాన్ని కాయగూరల కన్నా ఎక్కువగా కూడబెట్టుకుంటాయి. కంటికి నల్లగా, సారవంతంగా కనిపించే మట్టిలోనూ ఈ లోహాలు ఉండవచ్చు. వాటిని వాసనతో, రంగుతో పసిగట్టే దారి లేదు.

అందువల్ల క్లాస్తాల్‌లో కుండీ మిశ్రమంలోకి పెరటి మట్టి, వాగు ఒడ్డు ఇసుక, అడవిలో ఊడ్చిన ఆకు చెత్త, స్ప్రూస్ బెరడు, స్థానిక కట్టెలు కాల్చిన పొయ్యి బూడిద రాకూడదు. మొక్క మొదట్లో గుప్పెడు బూడిద వేయడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. ఇక్కడ దాన్ని మానుకోవడమే మంచిది. కట్టె పీల్చుకున్న లోహాలు బూడిదలో చిక్కబడతాయి, పైగా బూడిద మిశ్రమం క్షారగుణాన్ని ఒక్కసారిగా పెంచేస్తుంది.

       ఊరి నేలకు దూరంగా ఉండాలన్న నియమం కుండీలో పెరిగే ప్రతి మొక్కకూ వర్తిస్తుంది.

కుండీలో నీరు నిలిచే తీరు

నేల శుభ్రమైనదే అయినా వట్టి మట్టి కుండీకి సరిపోదు. మట్టి రేణువులు సన్నవి, వాటి మధ్య సందులూ సన్నవే. తడిపిన కుండీ నుంచి నీరంతా జారిపోదు. రేణువుల మధ్య సన్నని సందులు నీటిని గురుత్వాకర్షణకు ఎదురుగా పట్టి ఉంచుతాయి కాబట్టి అడుగున కొంత మేర ఎప్పుడూ నానిన పొర మిగులుతుంది. మిశ్రమం ఎంత సన్నగా ఉంటే ఆ పొర అంత ఎత్తుగా ఉంటుంది. అందులో గాలికి చోటుండదు, వేరు ఊపిరాడక కుళ్ళుతుంది.

కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా జారుతుందన్న నమ్మకం సరైనది కాదు. సన్నటి మిశ్రమం నుంచి నీరు పెద్ద సందులున్న రాళ్ళ పొరలోకి తేలిగ్గా దిగదు. నానిన పొర రాళ్ళకు పైన, వేర్లకు ఇంకా దగ్గరగా ఏర్పడుతుంది. అసలు పరిష్కారం మిశ్రమాన్నే గుల్లగా తయారుచేయడం. రంధ్రం మూసుకుపోకుండా దాని మీద ఒక్క పెంకు ముక్క లేదా జాలీ గుడ్డ ఉంటే చాలు.

తోటల పెంపకందారులు ఈ విషయాన్ని చాలాకాలం అనుభవంతో తెలుసుకుంటూ వచ్చారు. తెలుగు నేల మీద నర్సరీల్లో ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలపడం పరిపాటి. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ తోటల పరిశోధన సంస్థ 1930ల్లో ఆవిరితో శుద్ధి చేసిన మట్టి ఏడు పాళ్ళు, పీట్ (బురదనేలల నాచు మట్టి) మూడు పాళ్ళు, ఇసుక రెండు పాళ్ళు అనే కొలతను స్థిరపరిచింది. జర్మనీలో ఆంటోన్ ఫ్రూస్టోర్ఫర్ పీట్‌ను బంకమన్నుతో కలిపి ఏ మొక్కకైనా పనికొచ్చే ఒకే రకం మిశ్రమాన్ని రూపొందించాడు. ఎక్కడ తయారుచేసినా అదే నాణ్యత రావాలన్నది ఈ ప్రయత్నాల వెనుక ఆలోచన. ఇంట్లో చేసేవారికీ కొలత పాటించడం అందుకే ముఖ్యం.

దినుసులు

మిశ్రమంలో ప్రధాన భాగం నీటిని పట్టి ఉంచే తేలికైన దినుసు. చాలాకాలం ఆ స్థానం పీట్‌ది. బురదనేలల్లో నాచు వేల ఏళ్ళుగా పేరుకుని ఏర్పడే పీట్ ఏడాదికి మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది. దాన్ని తవ్వడానికి నీరు తోడిన బురదనేలలు అందులో దాగిన కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా గాలిలోకి వదులుతాయి. జర్మనీలో పీట్ తవ్వకానికి పేరుబడ్డ రాష్ట్రం క్లాస్తాల్ ఉన్న లోయర్ శాక్సనీయే. ఇళ్ళలో తోటపనికి పీట్ వాడకాన్ని 2026 నాటికి మాన్పించాలని జర్మనీ ప్రభుత్వం 2022లో లక్ష్యం పెట్టుకుంది. ఇంట్లో తయారీకి పీట్ అవసరమే లేదు. దుకాణంలో సిద్ధంగా ఉన్న సంచి కొంటే దాని మీద ‘టోర్ఫ్‌ఫ్రై’ (పీట్ లేనిది) అని ఉందో లేదో చూడాలి. ‘బియో’ (సేంద్రియం) అని మాత్రమే రాసి ఉన్న సంచిలో పీట్ ఉండవచ్చు.

పీట్‌కు బదులు తెలుగువారికి బాగా తెలిసిన దినుసు కొబ్బరి పొట్టు. కొబ్బరి పీచు తీయగా మిగిలిన ఈ పొట్టును ఇటుకలుగా నొక్కి జర్మనీ దుకాణాల్లో అమ్ముతారు. 650 గ్రాముల ఇటుక నీళ్ళలో నానితే సుమారు 9 లీటర్ల పొట్టు అవుతుంది. దీని పులుపు, క్షార గుణాల కొలత అయిన పీహెచ్ 5.5కూ 6.5కూ మధ్య ఉంటుంది, ఎండిపోయినా మళ్ళీ సులువుగా తడుస్తుంది. రెండు లోపాలున్నాయి. సముద్రతీరపు కొబ్బరి కాబట్టి సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. కొబ్బరి పొట్టు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేసుకుని వేరుకు అందకుండా చేస్తుంది. మొదటి లోపం కడిగితే పోతుంది. రెండోదానికి జిప్సం లేదా సున్నం కలపాలి.

సొంత ఊరి నుంచి మట్టి తెచ్చుకునే ఆలోచన పెట్టుకోకూడదు. ఐరోపా సమాఖ్య మొక్కల ఆరోగ్య నిబంధనల ప్రకారం భారతదేశం నుంచి మట్టి తేవడం నిషిద్ధం. ఇంతకు ముందు మొక్కలకు వాడని కొబ్బరి పీచుకు ఆ నిషేధం లేదు. విత్తనాలకు, మొక్కలకు 2019 డిసెంబరు 14 నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. జర్మనీలోనే దొరికే విత్తనాలు, నర్సరీ మొక్కలు కొనడం తేలిక.

రెండో దినుసు కంపోస్టు. ఇది పోషకాలను, సూక్ష్మజీవులను తెస్తుంది. కొనేటప్పుడు సంచి మీద నాణ్యతను తెలిపే ‘ఆర్‌ఏఎల్’ ముద్ర ఉన్నది ఎంచుకోవాలి. జీవవ్యర్థాల కంపోస్టుకు జర్మనీ నిబంధనలు లోహాల హద్దులు పెట్టాయి: సాధారణ మోతాదులో వాడే కంపోస్టులో, ఎండు బరువు కిలోకు, సీసం 150 మిల్లీగ్రాములు, కాడ్మియం 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఇంట్లో చేసుకునే కంపోస్టుకు మూలపదార్థమే కీలకం. బజారులో కొన్న కూరగాయల తొక్కలు, టీపొడి, కాఫీపిప్పి శుభ్రమైనవి. పెరట్లో రాలిన ఆకులు, కోసిన గడ్డి ఆ ఊరి నేల లోహాలను వెంట తెస్తాయి. గదిలోనే పెట్టుకునే వానపాముల డబ్బా ఇక్కడివారికి చక్కని మార్గం. వంటింటి తొక్కలతో పాటు రంగుల అచ్చు లేని అట్టముక్కలు వేస్తే కొన్ని నెలల్లో మంచి ఎరువు తయారవుతుంది. ఇలాంటి ఏ కంపోస్టు అయినా మిశ్రమంలో మూడో వంతు దాటకూడదు. కంపోస్టులో పొటాష్, లవణాలు ఎక్కువ, పీహెచ్ 7 పైన ఉంటుంది. మోతాదు మించితే లేత వేర్లు మాడతాయి.

మూడోది గాలి కోసం కలిపే గట్టి దినుసు. పెర్లైట్ అగ్నిపర్వతపు గాజురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో పొంగించి చేసిన తెల్లటి గుళిక. అది తేలికైనది, కుళ్ళదు. బరువు ఇబ్బంది కాకపోతే లావా రవ్వ, ప్యూమిస్ రాయి అంతకన్నా నిలకడగా ఉంటాయి. పెర్లైట్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. సంచి విప్పగానే నీళ్ళు చిలకరించి, మాస్కు పెట్టుకుని కలపాలి. ఇసుక కావాలంటే కడిగిన క్వార్ట్జ్ ఇసుకే కొనాలి.

నాలుగోది నెమ్మదిగా కరిగే ఎరువు. జర్మనీలో తోటపనివారు ఎక్కువగా వాడేది పశువుల కొమ్ములు, గిట్టల పొడి. అందులో నత్రజని 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. సన్నటి పొడి కొన్ని వారాల్లో, ముతక తునకలు కొన్ని నెలల్లో తిండినిస్తాయి. జంతు పదార్థం వద్దనుకునేవారికి మొక్కల నుంచి చేసిన సేంద్రియ ఎరువు గుళికలు దొరుకుతాయి. వాటిలో నత్రజని తక్కువ కాబట్టి డబ్బా మీది మోతాదు చూసి వేయాలి. అవి మొదట్లో వేడెక్కి బూజు పట్టే స్వభావం కలవి. నాటడానికి రెండు వారాల ముందే మిశ్రమంలో కలిపి ఉంచితే ఆ దశ దాటిపోతుంది.

చివరిది కొద్దిగా బంకమన్ను. తోట దుకాణాల్లో అమ్మే బెంటోనైట్ పొడి పోషకాలను, నీటిని పట్టి ఉంచి, ఒక రోజు నీళ్ళు పోయడం మరిచినా మొక్కను కాపాడుతుంది. మోతాదు లీటరు మిశ్రమానికి 10 గ్రాములు.

హార్జ్ నీళ్ళు, సున్నం

హార్జ్ జలాశయాల నీరు మెత్తనిది, సున్నం చాలా తక్కువ. కరివేపాకుకు ఇది మేలు. సున్నపు నీళ్ళున్న ఊళ్ళలో కుండీ మట్టి క్షారంగా మారి ఇనుము అందక కరివేపాకు లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఇక్కడ ఆ బెడద తక్కువ. మిర్చికి, టమాటాకు మాత్రం ఇదే నీటితో కాల్షియం లోటు. కాయకు కాల్షియం చాలకపోతే అడుగు భాగం నల్లబడి కుళ్ళుతుంది. కాల్షియాన్ని పట్టేసే కొబ్బరి పొట్టు, కాల్షియం లేని నీరు, ఈ రెండూ కలిసిన చోట ఆ లోపం ముందే ఊహించవచ్చు. జిప్సం కలిపితే పీహెచ్ మారకుండా కాల్షియం అందుతుంది. అందుకే కింది కొలతల్లో కాయగూరల మిశ్రమానికి జిప్సం తప్పనిసరిగా ఉంది. నారు మిశ్రమంలో కంపోస్టు తక్కువ కాబట్టి కొద్దిగా డోలమైట్ సున్నం వేస్తే కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా చేరుతుంది.

మూడు మిశ్రమాలు

పాళ్ళన్నీ ఘనపరిమాణంలో కొలవాలి. ఒకే బకెట్టునో మగ్గునో కొలపాత్రగా పెట్టుకుంటే తేడా రాదు.

నారు మిశ్రమం. విత్తనంలోనే మొలకకు మొదటి తిండి ఉంటుంది, ఎరువు ఎక్కువైతే కీడే. నానిన కొబ్బరి పొట్టు 6 పాళ్ళు, సన్న పెర్లైట్ 2 పాళ్ళు, క్వార్ట్జ్ ఇసుక 1 పాలు, జల్లించిన కంపోస్టు 1 పాలు. లీటరుకు డోలమైట్ సున్నం 1 గ్రాము. కొమ్ముపొడి వేయకూడదు. మిర్చి, టమాటా, వంగ నారుకు ఇది సరిపోతుంది.

ఆకుకూరలు, కాయగూరల మిశ్రమం. 40 లీటర్లకు లెక్క: కొబ్బరి పొట్టు 18 లీటర్లు, అంటే రెండు ఇటుకలు. కంపోస్టు 12 లీటర్లు, పెర్లైట్ లేదా లావా రవ్వ 10 లీటర్లు. వీటికి బెంటోనైట్ 400 గ్రాములు, సన్నటి కొమ్ముపొడి 80 గ్రాములు, జిప్సం 40 గ్రాములు. ముతక, సన్న దినుసులు ఒకదాని సందుల్లో ఒకటి ఇమిడిపోతాయి కాబట్టి కలిపాక మొత్తం కొంత తగ్గుతుంది. నాలుగు పెద్ద మిర్చి కుండీలకు, లేదా రెండు టమాటా కుండీలకు ఇది చాలుతుంది. మెంతికూర, కొత్తిమీర తక్కువ కాలంలో కోతకొస్తాయి, వాటికి కొమ్ముపొడిని సగానికి తగ్గించాలి.

కరివేపాకు మిశ్రమం. ఏళ్ళ తరబడి ఒకే కుండీలో ఉండే చెట్టు కాబట్టి త్వరగా కుంగని దినుసులు కావాలి. కొబ్బరి పొట్టు 3 పాళ్ళు, చివికిన బెరడు కంపోస్టు 3 పాళ్ళు, మామూలు కంపోస్టు 2 పాళ్ళు, ప్యూమిస్ లేదా లావా రవ్వ 2 పాళ్ళు. లీటరుకు ముతక కొమ్ము తునకలు 3 గ్రాములు. బెరడు కంపోస్టు సంచిలో కొన్నదే కావాలి. ‘రిండెన్‌హూముస్’ అనే పేరుతో దొరికేది చివికినది. పచ్చి బెరడు ముక్కలు చివికేటప్పుడు మట్టిలోని నత్రజనిని తామే లాగేసుకుంటాయి కాబట్టి వాటిని కుండీలోకి తేకూడదు.

కలిపే పద్ధతి

మొదట కొబ్బరి ఇటుకను వెడల్పాటి బకెట్టులో పెట్టి గోరువెచ్చని నీరు పోయాలి. 650 గ్రాముల ఇటుకకు సుమారు 4 లీటర్లు పడుతుంది. అరగంటలో పూర్తిగా విచ్చుకున్నాక చేత్తో చిదిమి గుడ్డలో వేసి పిండాలి. మళ్ళీ శుభ్రమైన నీళ్ళు పోసి ఇంకోసారి పిండితే లవణాలు చాలావరకు పోతాయి.

తర్వాత నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవాలి. బాల్కనీ దుమ్ము, చెప్పుల మట్టి మిశ్రమంలోకి రాకుండా ఈ పట్టా అడ్డుకుంటుంది. కంపోస్టును సుమారు ఒక సెంటీమీటరు కన్నుల జల్లెడలో జల్లించాలి. నారు మిశ్రమానికి అంతకన్నా సన్నటి జల్లెడ వాడాలి. పొడి దినుసులైన బెంటోనైట్, జిప్సం, కొమ్ముపొడిని ముందు కంపోస్టుతో కలిపితే అవి ముద్ద కట్టకుండా అంతటా సమంగా చేరతాయి. ఆపైన కొబ్బరి పొట్టు, చివర్లో తడిపిన పెర్లైట్ వేసి పట్టా మూలలు ఎత్తి అటూ ఇటూ పొర్లించాలి. పారతో నలిపితే పెర్లైట్ పొడి అయిపోయి గాలి సందులు పోతాయి.

తేమ సరిపోయిందో లేదో చేతితో తెలుస్తుంది. గుప్పిట్లో గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు కారాలి, చేయి తెరిచి వేలితో తాకగానే ముద్ద విడిపోవాలి. కారే నీరు ధార కడితే తడి ఎక్కువ. ముద్దే కట్టకపోతే ఇంకా తడపాలి.

నారు మిశ్రమాన్ని శుద్ధి చేయాలనుకుంటే తడిపి, మూత ఉన్న పాత్రలో పెట్టి, లోపలి భాగం 70 డిగ్రీలకు చేరాక అరగంట పాటు ఆ వేడిలో ఉంచాలి. నారుకుళ్ళు తెగులు తెచ్చే శిలీంధ్రాలు, మట్టిలో పెరిగే చిన్న ఈగల గుడ్లు అంతటితో చస్తాయి. అంతకు మించి వేడి చేస్తే మంచి సూక్ష్మజీవులూ పోతాయి. కంపోస్టు ఎక్కువగా ఉన్న మిశ్రమాలను వేడి చేయకపోవడమే మంచిది, అమ్మోనియా ఒక్కసారిగా పెరిగి వేర్లు దెబ్బతింటాయి.

నాటే ముందు మూడు పరీక్షలు

గాలి పరీక్ష. 2 లీటర్ల కుండీ రంధ్రాలను టేపుతో మూసి, మిశ్రమం నింపి, పైకి నీరు కనిపించే దాకా నెమ్మదిగా తడపాలి. కొంతసేపు నాననిచ్చి, పళ్ళెం మీద టేపు తీసి అరగంట కారనివ్వాలి. కారిన నీరు ఎంతో మిశ్రమంలో గాలికి ఉన్న చోటు అంత. 2 లీటర్లకు 300 మిల్లీలీటర్లు కారితే గాలి 15 శాతం. ఇది 10 నుంచి 20 శాతం మధ్య ఉండాలి. తక్కువైతే పెర్లైట్, ఎక్కువైతే కొబ్బరి పొట్టు పెంచాలి.

పులుపు పరీక్ష. ఒక పాలు మిశ్రమంలో రెండు పాళ్ళు డిస్టిల్డ్ నీరు కలిపి, అరగంట తర్వాత తేటలో పీహెచ్ కాగితం ముంచాలి. 5.5 నుంచి 6.5 మంచిది, 7 దాకా ఫరవాలేదు. 5.5 కన్నా తగ్గితేనే సున్నం వేయాలి.

మొలక పరీక్ష. జర్మనీలో కంపోస్టు చివికిందో లేదో చూడడానికి క్రెస్ అనే ఆకుకూర విత్తనాలు చల్లుతారు, ఆవాలూ పనికొస్తాయి. వెడల్పాటి గిన్నెలో మిశ్రమం నింపి, గింజలు చల్లి, పైన ప్లాస్టిక్ పొర కప్పి కిటికీ దగ్గర పెట్టాలి. వారంలోపు పచ్చగా, తెల్లటి వేర్లతో మొలిస్తే మిశ్రమం సిద్ధం. ఆకులు పసుపుగా, వేరు చివరలు గోధుమ రంగులో ఉంటే కంపోస్టు పచ్చిగా ఉన్నట్టు, లేదా లవణం మించినట్టు. మరో రెండు మూడు వారాలు తడిగా, గాలి తగిలేలా ఉంచి మళ్ళీ చూడాలి.

నింపడం, నాటడం

మెంతికూరకు, కొత్తిమీరకు 15 సెంటీమీటర్ల లోతు చాలు. మిర్చికి, గోంగూరకు 8 నుంచి 10 లీటర్ల కుండీ, టమాటాకు 15 నుంచి 20 లీటర్లది కావాలి. చిన్న కరివేపాకు మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేరు చేరని మిశ్రమం తడిగానే ఉండి కుళ్ళుతుంది. 3 లీటర్లతో మొదలుపెట్టి, వేర్లు అంచుకు చేరాక ఒక్కో సైజు పెంచుతూ పోవాలి. మిశ్రమాన్ని నింపేటప్పుడు కుండీని నేలకు రెండుసార్లు తట్టాలి, చేత్తో అదమకూడదు. నీళ్ళు నిలవడానికి పైన రెండు వేళ్ళ మందం వదలాలి.

క్లాస్తాల్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాదికి 1300 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వానా మంచూ పడతాయి. జర్మనీలో మే 11 నుంచి 15 దాకా వచ్చే చలిరోజులు దాటాక మైదానాల్లో మొక్కలు బయట పెడతారు. ఈ ఎత్తులో జూన్ మొదటి వారం దాకా ఆగడం క్షేమం. మిర్చి నారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గదిలోనే పోయాలి. కప్పు లేని బాల్కనీలో వాన మిశ్రమాన్ని నానబెడుతుంది కాబట్టి అక్కడి కుండీలకు పెర్లైట్ ఇంకో పాలు పెంచి, కింద మూడు చిన్న చెక్క ముక్కలు పెట్టి ఎత్తాలి. రోడ్డు దుమ్ము, పాత తోట దుమ్ము ఆకుల మీద పడుతుంది. ఏ ఆకు అయినా కడిగే వండాలి.

తర్వాతి పోషణ

కలిపిన ఎరువు ఆరు నుంచి ఎనిమిది వారాలు మొక్కను పోషిస్తుంది. తర్వాత కాయగూరలకు రెండు వారాలకోసారి ద్రవరూప సేంద్రియ ఎరువు ఇవ్వాలి. శీతాకాలంలో ఇక్కడ పగటి వెలుతురు ఒక దశలో ఎనిమిది గంటలు కూడా ఉండదు. అప్పుడు కరివేపాకుకు ఎరువు ఆపేసి, వేలితో తడిమితే పై రెండు అంగుళాలు ఎండాకే నీళ్ళు పోయాలి. చలికాలంలో కరివేపాకు చావడానికి చలి కన్నా ఎక్కువ కారణం తడి.

కంపోస్టు ఉన్న కుండీ గదిలో ఉంటే చిన్న నల్ల ఈగలు చేరతాయి. వాటి పిల్లపురుగులు లేత వేర్లను కొరుకుతాయి. మిశ్రమం మీద ఒక సెంటీమీటరు మందం పొడి క్వార్ట్జ్ ఇసుక పరిచి, నీళ్ళు కింది పళ్ళెంలోంచి ఇస్తే గుడ్లు పెట్టే చోటు దొరకదు. ఉధృతి తగ్గకపోతే స్టైనర్నెమా ఫెల్టియే అనే సూక్ష్మ నులిపురుగులను నీళ్ళలో కలిపి పోస్తారు. అవి ఈగల పిల్లపురుగుల్లోకి చొరబడి చంపుతాయి, మొక్కకు హాని చేయవు.

కలిపి మిగిలిన మిశ్రమాన్ని సంచిలో మూసి నెలల తరబడి ఉంచకూడదు. కొమ్ముపొడి కరుగుతూ లోపల లవణాలు పెరుగుతాయి. మూడు నాలుగు వారాల్లో వాడేయాలి. దినుసులను విడివిడిగా, పొడిగా ఉంచితే చాలాకాలం చెడవు. ఒక పంట తీసిన మిశ్రమాన్ని పారేయనవసరం లేదు. వేర్లు ఏరి, మూడో వంతు కొత్త కంపోస్టు, కొద్దిగా పెర్లైట్, కొమ్ముపొడి కలిపితే మరో పంటకు వస్తుంది. టమాటా, మిర్చి, వంగ ఒకే కుటుంబానివి కాబట్టి అవి పెరిగిన మిశ్రమంలో తర్వాత ఆకుకూరలు వేయాలి. వేరుకుళ్ళు వచ్చిన మిశ్రమాన్ని మళ్ళీ వాడకూడదు. కరివేపాకుకు రెండేళ్ళకోసారి కుండీ మార్చి, బయటి అంచు వేర్లను కాస్త కత్తిరించి, కొత్త మిశ్రమం నింపాలి. ప్రతి కుండీకి కలిపిన తేదీ, పాళ్ళు, కంపోస్టు కొన్న చోటు రాసిన చీటీ కట్టి ఉంచితే ఏ కొలత ఏ మొక్కకు నప్పిందో తెలుస్తుంది. మరుసటి ఏడాది మిశ్రమాన్ని ఆ చీటీలు చూసి సరిదిద్దుకోవచ్చు.